అగత్తిలో తెల్లటి పగడాలు చూసి మురిసిపోయాను, అవి ఆకలితో ఉన్నాయట

శ్రావణి_కూకట్‌పల్లి | 2024 జూన్ 2, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఎక్కువగా ప్రయాణాల విభాగంలోనే రాస్తుంటాను. ఈ ప్రశ్న మాత్రం తెలిసినవాళ్ళు ఇక్కడ ఉంటారని ఇక్కడ పెడుతున్నాను.

పాపకి వేసవి సెలవులని మే మొదటి వారంలో లక్షద్వీప్ వెళ్ళాం. కొచ్చి నుంచి చిన్న విమానంలో అగత్తి. రెండో రోజు పొద్దున్నే అద్దాలు, గొట్టం పెట్టుకుని పగడపు దిబ్బ లోపలి లోతు తక్కువ నీళ్ళలో, అదే లగూన్‌లో దిగాం. నడుము లోతు నీళ్ళలోంచి కొంచెం ముందుకు ఈదితే అడుగున జింక కొమ్ముల్లాంటి పగడాలు. ఒక్కోటి మా డైనింగ్ టేబుల్ అంత వెడల్పు. అన్నీ తెలుపే. అప్పుడే వేసిన ముగ్గంత తెలుపు. కొన్నిటికి కొసల్లో లేత ఊదా రంగు, మధ్యలో నీలం చేపపిల్లలు. ఇంత అందం జన్మలో చూడలేదనుకున్నాను. ఫోటోలు ఫ్యామిలీ గ్రూపులో పెడితే మా అత్తగారు "పాలసముద్రంలా ఉందమ్మా" అన్నారు.

పడవ ఎక్కాక ఆ ఫోటోలు మా గైడ్‌కి చూపించాను. ఇరవై రెండేళ్ళ కుర్రాడు, దారంతా కబుర్లు చెప్పినవాడు ఒక్కసారి చప్పబడిపోయాడు. "బీమార్ హై మేడమ్" అన్నాడు. కాసేపాగి "భూఖా హై" అన్నాడు. వానలు త్వరగా వస్తే బతుకుతాయని, గుడ్డివాడు దారి అడిగినట్టు ఆకాశం వైపు చూశాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదలట్లేదు. పగడానికి ఆకలేమిటి? అవి చచ్చిపోయినట్టేనా? మేం రాసుకున్న సన్‌స్క్రీన్ వల్ల ఏమైనా అయిందా? దయచేసి తెలిసినవాళ్ళు చెప్పండి.

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 2, రాత్రి 11:15

శ్రావణి గారూ, మీ గైడ్ చెప్పింది అక్షరాలా నిజం. నేను ఆంధ్రా యూనివర్సిటీలో మెరైన్ బయాలజీ చదివి, తర్వాత తూత్తుకుడి వైపు మన్నార్ సింధుశాఖలో రెండు సీజన్లు డైవింగ్ సర్వేలు చేశాను. తెలిసినంత చెప్తాను.

మీరు చూసిన ఆ టేబుల్ అంత గుబురు ఒక మొక్కా కాదు, ఒక జంతువూ కాదు. వేల చిన్న జంతువులు పక్కపక్కనే కాపురం ఉన్న ఊరు అది. ఒక్కోదాన్ని పాలిప్ అంటాం. చాలా వాటిలో పెసరగింజ కన్నా చిన్నది. నోటి చుట్టూ చిన్న చేతులుంటాయి. కింద సున్నంతో గూడు కట్టుకుంటుంది. దాని ఒంట్లో కంటికి కనపడని నాచు కణాలు ఉంటాయి, పేరు జూజాంథెల్లే. గోధుమ, ఆకుపచ్చ రంగులు ఎక్కువగా వాటివే. పాలిప్ తినే తిండిలో సింహభాగం, కొన్ని జాతుల్లో 90 శాతం దాకా, ఆ నాచు ఎండలో వండి పెట్టేదే.

నీళ్ళు మామూలు వేసవి వేడి కన్నా ఒక్క డిగ్రీ ఎక్కువై, అలా కొన్ని వారాలు ఉంటే చాలు, ఆ నాచులో వంట యంత్రాంగం పాడవుతుంది. తిండికి బదులు కణాల్ని దెబ్బతీసే ఆక్సిజన్ రూపాలు బయటికొస్తాయి. పాలిప్‌కి అది విషం. దాంతో నాచుని బయటికి నెట్టేస్తుంది. పాలిప్ ఒళ్ళు గాజులా పారదర్శకం కాబట్టి కింద ఉన్న సున్నపు గూడు కనిపిస్తుంది. మీరు చూసిన తెలుపు అదే, ఎముక.

అప్పటికి అది చావలేదు, పస్తులుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే మిగిలిన కొద్దిపాటి నాచు మళ్ళీ పెరిగి రంగొస్తుంది. వారాలు గడిచిపోతే చనిపోతుంది, గూడు మీద వేరే పాచి పడుతుంది. ఊదా రంగు కొసలు కూడా ఒత్తిడి గుర్తే. కొన్ని పగడాలు ఎండ నుంచి కాపాడుకోవడానికి ఆ రంగు పదార్థాలు ఎక్కువగా తయారుచేసుకుంటాయి.

సన్‌స్క్రీన్ సంగతి: ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు పగడపు పిల్లలకి హాని చేస్తాయని ప్రయోగశాలల్లో తేలింది. హవాయి, పలావు వాటి అమ్మకాల్ని ఆపేశాయి. మీరు పొడుగు చేతుల చొక్కా వేసుకుని దిగితే మంచిదే. కానీ అగత్తి మొత్తం తెల్లబడింది మీ సన్‌స్క్రీన్ వల్ల కాదు. ఆ నేరం మీ మీద వేసుకోకండి. 2023 అక్టోబరు చివరి నుంచీ లక్షద్వీప్ చుట్టూ సముద్రం మామూలు కన్నా వేడిగా ఉందని, అక్కడ గట్టి పగడాలు బాగా తెల్లబడ్డాయని కొచ్చిలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళు మొన్న మేలోనే ప్రకటించారు.

లక్ష్మీప్రసన్న_టీచర్ | 2024 జూన్ 3, ఉదయం 6:20

కాకినాడ దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. మా పుస్తకంలో "ప్రవాళ భిత్తికలు" అని ఉంటుంది, పిల్లలు నోరు తిరగక ఆ పాఠమే వదిలేస్తారు. నేను పగడపు దిబ్బలనే చెప్తాను. సహజీవనం అర్థం కావడానికి కౌలు లెక్క చెప్తే వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే సగం మంది ఇళ్ళల్లో అదే బతుకు.

పగడం భూమి ఇచ్చే ఆసామి. నాచు కౌలు రైతు. ఆసామి చోటిచ్చి, ఎరువు కింద తన ఒంట్లోని వ్యర్థాలు ఇస్తాడు. రైతు పంట పండించి ఎక్కువ భాగం ఆసామికే కొలుస్తాడు. ఎండలు మండి చేను మాడిపోయి రైతు దిగాలుగా ఉంటే ఆసామి అతన్ని వెళ్ళగొడతాడు. తర్వాత తిండి ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఒక అబ్బాయి అడిగాడు, "మళ్ళీ పిలిస్తే రాడా టీచర్?" అని. రవికిరణ్ గారూ, బయటి నుంచి కొత్త నాచు వచ్చి చేరుతుందా?

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 3, ఉదయం 8:05

మీ పిల్లాడు పరిశోధకులు అడిగే ప్రశ్నే అడిగాడు టీచర్ గారూ. ఎక్కువగా ఒంట్లో మిగిలిన నాచే మళ్ళీ పెరుగుతుంది. కొన్నిసార్లు నీళ్ళలోంచీ చేరుతుంది. కొన్ని పగడాల్లో వేడి తట్టుకునే రకం నాచు, డురస్డినియం అని, పాతదాని చోటు తీసుకుంటుంది. ఆ కౌలుదారు ఎండకి గట్టివాడు, కానీ ఆసామికి కొలిచేది తక్కువ. పగడం బతుకుతుంది గానీ ఎదుగుదల మందగిస్తుంది.

వాసు_ఉప్పునీటి_ట్యాంక్ | 2024 జూన్ 3, మధ్యాహ్నం 1:30

నేను సముద్రంలో చూడలేదు, మా హాల్లో చూశాను. అందుకే రాస్తున్నా.

నా దగ్గర చిన్న ఉప్పునీటి ట్యాంక్ ఉంది. అందులో ఒక సీ అనిమోన్, దాన్ని అంటిపెట్టుకుని రెండు క్లౌన్ చేపలు. అనిమోన్ పగడానికి దగ్గర చుట్టమే, దాని ఒంట్లోనూ ఇదే నాచు. నీళ్ళు 26 డిగ్రీల దగ్గర ఉంచుతాను. గతేడాది మేలో మేం ఊరెళ్ళినప్పుడు నీళ్ళని చల్లబరిచే చిల్లర్ ఆగిపోయింది. చూసుకోమని చెప్పిన పక్కింటబ్బాయి చేపలకి మేత వేస్తూనే ఉన్నాడు, వేడి సంగతి అతనికి తెలియదు. తొమ్మిది రోజుల తర్వాత వచ్చి చూస్తే థర్మామీటర్ 31.5.

తేనె రంగులో బొద్దుగా ఉండే అనిమోన్ తెల్లగా, పలచగా అయిపోయింది. వెనక ఉన్న రాయి దాని చేతుల్లోంచి కనిపించింది. చచ్చిపోయిందనుకుని తీసి పారేయబోయి వేలు పెడితే, మెల్లగా పట్టుకుంది. అప్పుడు ఒక పెద్దాయన సలహా మీద రెండు రోజులకోసారి గోరంత రొయ్య ముక్క పటకారుతో నోటి దగ్గర పెట్టాను. వేడి నెమ్మదిగా దించాను. లైటు తగ్గించాను. మొదటి వారం ముక్కని ఉమ్మేసింది. ఆరో వారానికి చేతుల కింద, మొదలు దగ్గర గోధుమ నలుసులు కనిపించాయి. పూర్తి రంగుకి నాలుగు నెలలు పట్టింది.

ట్యాంక్‌లో ఒక్కదానికి రొయ్య ముక్క పెట్టగలిగాను. సముద్రంలో ఎవరు పెడతారు?

జంగ్లీఘాట్_అప్పారావు | 2024 జూన్ 4, రాత్రి 8:50

శ్రావణి చెల్లెమ్మా, నేను పోర్ట్‌బ్లెయిర్ నుంచి. మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి యాభై ఏళ్ళ కిందట వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. జంగ్లీఘాట్‌లో మా తెలుగువాళ్ళు చాలా మంది ఉన్నారు, 2011 లెక్కల్లో అండమాన్‌లో వందలో పదమూడు మంది తెలుగువాళ్ళే.

మీరు చూసింది మేం 2010లో చూశాం, 2016లో మళ్ళీ చూశాం. 2010 ఏప్రిల్ చివర వాండూర్ వైపు వెళ్ళాం. గాలి లేదు. నీళ్ళు నూనె పోసినట్టు కదలకుండా ఉన్నాయి. చెయ్యి పెడితే స్నానానికి కాచిన నీళ్ళలా ఉంది. పడవలోంచి తొంగి చూస్తే అడుగంతా తెల్లగా. మా నాన్న చుట్ట పక్కన పెట్టేసి "ఇదేట్రా, సముద్రానికి బొల్లి వచ్చింది" అన్నాడు. ఆయనకి దాని పేరు తెలీదు. నలభై ఏళ్ళు వేటాడినా అంత తెలుపు ఆయనా చూడలేదు.

ఇక్కడ మాకు గడ్డుకాలం ఏప్రిల్, మే నెలలు. ఎండ నిలువునా పడుతుంది, గాలి ఉండదు. నైరుతి గాలి మొదలై మబ్బు పట్టి, అలలు లేచి అడుగు నీళ్ళు పైకి కలిస్తే సముద్రం చల్లబడుతుంది. అందుకే మీ గైడ్ కుర్రాడు ఆకాశం చూశాడు. వాళ్ళకీ మాకూ అదొక్కటే మందు. వారం ఆలస్యమైతే వారం పస్తు.

ఆ ఏడు వానలు వచ్చాక కొన్ని తేరుకున్నాయి. పెద్ద గుండ్రాయిలా ఉండేవి బతికాయి. కొమ్ముల రకం చాలా మటుకు పోయింది. మరుసటి ఏడు ఆ కొమ్ములు చేత్తో పట్టుకుంటే అప్పడంలా విరిగాయి. వాటి సందుల్లో దాక్కునే చిన్న చేప లేదు. చిన్న చేప లేకపోతే దానికోసం వచ్చే పెద్దది రాదు. మాకు గాలం వేసే చోటు దూరమైంది, డీజిల్ ఖర్చు పెరిగింది. పగడం అంటే మాకు అందం కాదమ్మా, చేపకి ఇల్లు.

శ్రావణి_కూకట్‌పల్లి | 2024 జూన్ 4, రాత్రి 10:30

అప్పారావు అన్నా, చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయని మేం సంబరపడ్డాం. పాప గంటన్నర బయటికి రాలేదు.

అయితే ఇది వచ్చే ముందు తెలిసే మార్గం ఏదైనా ఉందా?

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 5, ఉదయం 7:45

ఉంది, అదీ మీ ఇంటి పక్కనే. కూకట్‌పల్లి అంటున్నారు కదా, ప్రగతినగర్‌లో ఇన్‌కాయిస్ అని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకి చేపలు ఎక్కడ దొరుకుతాయో చెప్పే సమాచారం ఇచ్చేది వాళ్ళే. 2011 నుంచి పగడాల తెల్లబాటు హెచ్చరికలు కూడా ఇస్తున్నారు. అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్, కచ్ సింధుశాఖలకి ఉపగ్రహాల నుంచి వచ్చే నీటి ఉష్ణోగ్రతతో లెక్క కడతారు.

లెక్క పేరు డిగ్రీ హీటింగ్ వీక్స్. నేను వేడి వారాలు అంటాను. ఆ చోట సాధారణంగా అన్నిటికన్నా వేడిగా ఉండే నెల సగటు తీసుకుంటారు. దానికన్నా ఒక డిగ్రీ ఎక్కువగా ఒక వారం ఉంటే ఒకటి. రెండు డిగ్రీలు ఎక్కువగా ఒక వారం ఉంటే రెండు. గడిచిన 12 వారాలు కూడతారు. మొత్తం 4 దాటితే తెల్లబడటం, 8 దాటితే చావులు. జ్వరం ఎంత ఉందన్నదే కాదు, ఎన్ని రోజులుందన్నదీ చూడాలి కదా, అలాగే.

అమెరికా సముద్ర సంస్థ నోవా ప్రపంచమంతటికీ ఈ లెక్కే చేస్తుంది. వాళ్ళ హెచ్చరిక మొదట్లో రెండో స్థాయితో ఆగేది. 2023లో వేడి వారాలు 20 దాటిన చోట్లు కూడా రావడంతో, ఆ డిసెంబరులో ఐదో స్థాయి దాకా పెంచాల్సి వచ్చింది. ఐదు అంటే అక్కడ దాదాపు ఏదీ మిగలదని. ఆ జులైలో ఫ్లోరిడాలో మనాటీ బే అనే చోట నిలువు లోతు లేని నీటిలో 38.4 డిగ్రీలు నమోదైంది. అక్కడివాళ్ళు నర్సరీల్లో పెంచే పగడాల్ని బకెట్లలో ఎత్తుకొచ్చి ఒడ్డున ట్యాంకుల్లో దాచుకున్నారు.

ఈ ఏప్రిల్ 15న నోవా, అంతర్జాతీయ పగడపు దిబ్బల కూటమి కలిసి నాలుగో ప్రపంచవ్యాప్త తెల్లబాటు జరుగుతోందని ప్రకటించాయి. ముందరివి 1998, 2010, 2014 నుంచి 2017.

కనకదుర్గ_బందరు | 2024 జూన్ 5, మధ్యాహ్నం 3:10

మా అబ్బాయికి కుజ దోషమని పగడం ఉంగరం చేయించాం. నా నల్లపూసల్లోనూ పగడాలున్నాయి. ఇవన్నీ చదివాక మనసు చివుక్కుమంది. అవి ఈ దిబ్బల నుంచి తీసినవేనా? ఇంకొకటి, మన బందరు, కాకినాడ సముద్రంలో ఇవెందుకు ఉండవు?

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 5, సాయంత్రం 5:00

అమ్మా, నగల పగడం వేరు. అసలైన ఎర్ర పగడం పేరున్నది ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు తక్కువ ఉండే చోట పెరుగుతుంది. దాని ఒంట్లో ఈ నాచు ఉండదు, దిబ్బలు కట్టదు, ఎరుపు గూటి లోపలే ఉంటుంది కాబట్టి ఇలా తెల్లబడదు. అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది, వందల ఏళ్ళుగా ఏరడం వల్ల తగ్గిపోయింది, మధ్యధరాలోనూ 1999, 2003 వేసవి వేడికి చాలా చచ్చింది. దిబ్బలు కట్టే గట్టి పగడాల్ని మాత్రం మన దేశంలో ముట్టుకోకూడదు. వన్యప్రాణి చట్టంలో పులితో సమానంగా మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

మన తీరంలో గోదావరి, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు, మంచినీళ్ళు వాటికి పడవు. ఉప్పు తగ్గితే, బురద కప్పితే అవి బతకవు. విశాఖ వైపు బండలకి అంటుకుని అక్కడక్కడా కొన్ని ఉంటాయి, దిబ్బ కట్టేంత కాదు.

వరప్రసాద్57 | 2024 జూన్ 6, ఉదయం 10:20

అందరి బాధ అర్థమైంది. కానీ రెండో పక్క కూడా మాట్లాడుకోవాలి. నేను రిటైర్డ్ ఇంజినీర్ని, అంకెలు చూడకుండా నమ్మను.

1998లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బ గ్రేట్ బారియర్ రీఫ్ తెల్లబడింది, అంతా అయిపోయిందన్నారు. 2016లోనూ అన్నారు. 2022లో ఆస్ట్రేలియా ప్రభుత్వ సంస్థే ఉత్తర, మధ్య భాగాల్లో 36 ఏళ్ళలో ఎన్నడూ లేనంత పగడాల విస్తీర్ణం ఉందని చెప్పింది. మరి చచ్చిపోయిందన్నది ఎలా కోలుకుంది? ప్రకృతి తనని తాను బాగుచేసుకుంటుంది. మనం ప్రతిదానికీ టెన్షన్ పడిపోతున్నామేమో.

సుధీర్_టౌన్స్‌విల్ | 2024 జూన్ 6, రాత్రి 7:55

వరప్రసాద్ గారూ, నమస్తే. నేను తెనాలివాణ్ణి, పన్నెండేళ్ళుగా ఆస్ట్రేలియాలో టౌన్స్‌విల్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. సెలవు దొరికితే జాన్ బ్రూవర్ రీఫ్‌కి బోటులో వెళ్ళి డైవ్ చేస్తాను. మీరు చెప్పిన 2022 అంకె నిజం. నాకూ అది చదివి సంతోషమేసింది. అది చెప్పిన సంస్థ మా ఊరి పక్కనే ఉంది.

కానీ నీళ్ళలో దిగితే ఒకటి కనిపిస్తుంది. పెరిగినవి చాలా మటుకు ఒకే రకానివి, అక్రోపోరా. కొమ్ములు, బల్లపరుపు పళ్ళేల ఆకారం. ఏడాదికి జానెడు దాకా పెరిగేవి ఉన్నాయి. గుండ్రాయి రకం ఏడాదికి సెంటీమీటరు. అదే అక్రోపోరా వేడికి మొదట చచ్చేదీ, తుఫానుకి మొదట విరిగేదీ. మీరు అంకెలు అడిగారు కాబట్టి, 2016లో తొమ్మిది నెలల్లో ఆ రీఫ్ మొత్తం మీద లోతు తక్కువ పగడాల్లో దాదాపు 30 శాతం పోయాయి. లిజర్డ్ దీవి దగ్గర పనిచేసిన డైవర్లు పైకొచ్చాక కూడా ఒంటికి కుళ్ళు వాసన పోలేదని చెప్పారు. తర్వాత 2017, 2020, 2022, ఈ ఏడు మళ్ళీ. మధ్య ఖాళీ చూడండి.

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 6, రాత్రి 9:30

సుధీర్ గారి మాటకి చిన్న పొడిగింపు. హుద్‌హుద్ తర్వాత మా విశాఖ గుర్తుందా? 2014 అక్టోబరు 12న ఒక్క రోజులో మా క్యాంపస్‌లో చెట్లన్నీ నేలకొరిగాయి. మూడు నాలుగేళ్ళకి త్వరగా పెరిగే మొక్కలు నాటి పచ్చగా చేశారు. పైనుంచి ఫోటో తీస్తే విస్తీర్ణం తిరిగొచ్చింది. కానీ మా డిపార్ట్‌మెంట్ ముందు మర్రి చెట్టు రాలేదు, దాని తొర్రలో ఉండే చిలకలూ రాలేదు. పగడాల విస్తీర్ణం అన్న అంకె కూడా అంతే చెప్తుంది.

వేగంగా పెరిగే రకాలు కోలుకోవడానికి పది పదిహేనేళ్ళు కావాలి. ఒక ప్రాంతంలో తీవ్రమైన తెల్లబాటు 1980ల మొదట్లో పాతికేళ్ళకో ముప్ఫై ఏళ్ళకో ఒకసారి వచ్చేది. 2018లో పగడాల శాస్త్రవేత్త టెర్రీ హ్యూస్ బృందం ప్రచురించిన లెక్క ప్రకారం ఆ ఎడం ఆరేళ్ళకి తగ్గింది. బాగుచేసుకునే శక్తి ప్రకృతికి ఉంది వరప్రసాద్ గారూ. మనం లాక్కుంటున్నది దానికి కావలసిన సమయాన్ని.

వరప్రసాద్57 | 2024 జూన్ 7, ఉదయం 9:00

ఇద్దరూ ఓపిగ్గా చెప్పారు, ధన్యవాదాలు. ఎడం తగ్గిందన్న అంకె నాకు తెలియదు. ఆ ముక్కతో నా మొదటి వాదన నిలవదని ఒప్పుకుంటున్నాను.

కానీ ఇంకో మాట. ఈ వేడికి కారణం బొగ్గు, పెట్రోలు. అవి వందేళ్ళు తగలబెట్టినది ఎవరు? మనిషికి లెక్కేస్తే మనది ఎంత? మా ఊళ్ళో 1975 దాకా కరెంటు లేదు. లక్షద్వీప్‌వాళ్ళు ఏం తగలబెట్టారు? శిక్ష వాళ్ళకెందుకు?

సుధీర్_టౌన్స్‌విల్ | 2024 జూన్ 7, మధ్యాహ్నం 2:40

ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు సార్, మీరు అడిగింది న్యాయం. ఒక్కటి మాత్రం నా కళ్ళతో చూసేది చెప్తాను. డ్యూటీకి వెళ్ళే దారిలో కాదు గానీ, దక్షిణంగా బోవెన్, మకాయ్ వైపు కారులో వెళ్తే కిలోమీటర్ల పొడవు బొగ్గు రైళ్ళు కనిపిస్తాయి. అబట్ పాయింట్, హే పాయింట్ రేవుల్లో ఓడలకెత్తుతారు. ఆ ఓడలు ఈ రీఫ్ సందుల్లోంచే సముద్రంలోకి వెళ్తాయి. కొన్ని మన విశాఖ, గంగవరం దాకా వస్తాయి. ఉక్కు కర్మాగారానికి కోకింగ్ కోల్ ఎక్కువగా ఆస్ట్రేలియా నుంచే కదా. మా బాబాయి అదే ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి పిల్లల్ని చదివించాడు. ఇక్కడ తవ్వేవాళ్ళ ఇళ్ళల్లోనూ పిల్లలున్నారు. ఆ బొగ్గు వద్దని తేలిగ్గా అనలేను. కానీ అదే ఓడ దారిలో చచ్చిన పగడం చూసినప్పుడు గొంతు పట్టేస్తుంది.

లక్ష్మీప్రసన్న_టీచర్ | 2024 జూన్ 7, రాత్రి 8:15

మనుషులు పెంచిన వేడిలో 90 శాతం పైగా సముద్రమే మింగుతోందని పాఠంలో చెప్తాను. సముద్రం అంత మోస్తోంది కాబట్టే ఒడ్డున మనం ఈ మాత్రం ఉన్నాం. ఈసారి క్లాసులో ఆ అంకె చెప్పేటప్పుడు శ్రావణి గారి గైడ్ కుర్రాడి మాట చెప్తాను.

వాసు_ఉప్పునీటి_ట్యాంక్ | 2024 జూన్ 9, ఉదయం 11:00

ఫ్లోరిడాలో బకెట్లలో ఎత్తారన్నారు. మన దగ్గర అలాంటి పునరుద్ధరణ పనులు ఏమైనా జరుగుతున్నాయా? కొమ్మ విరిచి నాటితే బతుకుతుందా?

రవికిరణ్_సాగర్ | 2024 జూన్ 9, సాయంత్రం 6:30

బతుకుతుంది, చెరకు ముచ్చె నాటినట్టే. సిమెంటు దిమ్మకో ఇనప చట్రానికో ముక్క కట్టి అడుగున పెడతారు. గుజరాత్‌లో మిఠాపూర్ దగ్గర అటవీ శాఖతో కలిసి జూలాజికల్ సర్వే వాళ్ళు 2020లో బయోరాక్ పద్ధతి పెట్టారు. ఇనప చట్రంలోకి సన్నటి కరెంటు పంపితే సముద్రపు నీటిలోని ఖనిజాలు సున్నంలా దాని మీద పేరుకుంటాయి, పగడం దాని మీద త్వరగా నిలదొక్కుకుంటుంది. మన్నార్‌లో వాన్ దీవి కోతకి గురై కరిగిపోతుంటే చుట్టూ కాంక్రీటు దిమ్మలు దింపారు. నేను అక్కడే డైవ్ చేశాను.

మన్నార్‌లో 21 దీవులు. వాటిలో రెండు, పూవరసన్‌పట్టి, విలంగుచల్లి, నీట మునిగాయి. సున్నం బట్టీల కోసం దశాబ్దాల పాటు చుట్టూ ఉన్న పగడపు రాళ్ళు తవ్వేశారు, అలని ఆపే గోడ పోయింది. లక్షద్వీప్‌కి అదే భయం. ఆ దీవులన్నీ సముద్రం కన్నా మీటరో రెండు మీటర్లో ఎత్తు. ఆ ఇసుక కూడా పగడపు పొడే. చిలక చేపలు రాతి మీది పాచిని గొరికి తిని, నలిగిన సున్నాన్ని ఇసుకగా వదులుతాయి.

నాటడం మంచి పనే, నేనూ నాటాను. వైరుతో ముక్క కట్టేటప్పుడు వేళ్ళు కోసుకుపోతాయి, ఒక ట్యాంకు గాలిలో నలభై ముక్కలు కడితే గొప్ప. దిబ్బలు చదరపు కిలోమీటర్లలో ఉంటాయి. పైగా నాటినవీ అదే నీళ్ళలో ఉండాలి. వేడి ఆగకపోతే నర్సరీ కూడా తెల్లబడుతుంది, ఫ్లోరిడాలో అదే జరిగింది. ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ 2018లో చెప్పింది ఇదీ: భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయి, 2 డిగ్రీలైతే 99 శాతం పైగా. చాలామంది ఈ రెండు అంకెలూ చూసి ఎలాగూ పోతాయి కదా అంటారు. నేను అలా చదవను. పదిలో ఒకటో మూడో మిగలడానికీ, నూటికి ఒకటి కూడా మిగలకపోవడానికీ మధ్య ఉన్నది అర డిగ్రీ.

జంగ్లీఘాట్_అప్పారావు | 2024 జూన్ 11, రాత్రి 9:20

ఇక్కడ గాలి మారింది. నాలుగు రోజులుగా వాన. బోట్లు కట్టేశాం. వేటకి పోలేం గానీ మనసుకి హాయిగా ఉంది.

రవికిరణ్_సాగర్ | 2025 ఏప్రిల్ 25, రాత్రి 10:05

పాత చర్చని పైకి తెస్తున్నందుకు క్షమించండి. రెండు సంగతులు చెప్పాలి.

2023 జనవరి నుంచి 2025 మార్చి దాకా ప్రపంచంలోని పగడపు దిబ్బల విస్తీర్ణంలో 84 శాతం తెల్లబాటుకి సరిపడా వేడికి గురైందని అంతర్జాతీయ కూటమి ప్రకటించింది. 1998లో ఇది 21 శాతం.

ఇంకొకటి మన అగత్తి గురించి. మైసూరులోని నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్‌వాళ్ళు 1998 నుంచీ అగత్తి, కద్మత్, కవరత్తి దిబ్బల్ని కొలుస్తున్నారు. ఇరవై నాలుగేళ్ళ కొలతలు ఒకచోట పెట్టి ప్రచురించారు. బతికున్న పగడం 1998లో సుమారు 37 శాతం ఉండేది, 2022కి 19 శాతం దగ్గరికి వచ్చింది. అంటే శ్రావణి గారూ, మీరు చూసిన తెల్లబాటు ఈ లెక్కలో లేదు. అప్పటికే సగం పోయింది.

సుధీర్_టౌన్స్‌విల్ | 2025 ఆగస్టు 8, రాత్రి 8:30

వరప్రసాద్ గారు చూస్తారని రాస్తున్నాను. మా పక్క సంస్థ కొత్త నివేదిక వచ్చింది. ఉత్తర భాగంలో పగడాల విస్తీర్ణం ఏడాదిలో 39.8 శాతం నుంచి 30కి, దక్షిణాన 38.9 నుంచి 26.9కి పడిపోయింది. ఈ రెండు చోట్లా కొలవడం మొదలుపెట్టాక ఒక్క ఏడాదిలో ఇంత తగ్గడం ఇదే మొదటిసారి. పెరిగినవే పోయాయి, అక్రోపోరా. నేను జులైలో దిగాను. 2022లో నా భార్య ఫోటో తీసుకున్న పళ్ళెం పగడం బోర్లా పడి ఉంది. దాని మీద గోధుమ పాచి.

వరప్రసాద్57 | 2025 ఆగస్టు 9, ఉదయం 7:10

చూశాను సుధీర్. నివేదిక పూర్తిగా చదివాను. మా మనవరాలికి కూడా చదివి వినిపించాను.

శ్రావణి_కూకట్‌పల్లి | 2025 నవంబరు 16, సాయంత్రం 6:45

అందరికీ నమస్కారం. మేం మళ్ళీ వెళ్ళలేకపోయాం, కానీ మా గైడ్ నంబరు దాచుకున్నాను. దీపావళికి శుభాకాంక్షలు చెప్తూ, ఆ డైనింగ్ టేబుల్ పగడం ఎలా ఉందో వీలైతే చూడమని అడిగాను. నా పాత ఫోటో పంపాను, గుర్తుపట్టడానికి.

నిన్న ఫోటో వచ్చింది. అదే చోటు. వెనక ఉన్న గుండ్రాయి పగడం మట్టి రంగులో నిండుగా ఉంది, అది తేరుకుంది. ముందున్న కొమ్ముల గుబురులో చాలా మటుకు ముదురు ఆకుపచ్చ పాచి పట్టి, సగం కొమ్ములు విరిగి ఇసుకలో పడున్నాయి. నీలం చేపపిల్లలు లేవు. ఒక మూల మాత్రం, అరచేయంత మేర, గోధుమ రంగులో బతికే ఉంది. దాని అంచుల్లో కొత్త కొసలు లేత రంగులో కనిపిస్తున్నాయి. పాపకి చూపిస్తే వేలితో లెక్కపెట్టింది, పదకొండు.

లక్ష్మీప్రసన్న_టీచర్ | 2025 నవంబరు 16, రాత్రి 8:00

శ్రావణీ, ఆ రెండు ఫోటోలూ మా తొమ్మిదో తరగతివాళ్ళకి చూపించుకోవచ్చా? పాతదీ, కొత్తదీ పక్కపక్కన పెట్టి.

శ్రావణి_కూకట్‌పల్లి | 2025 నవంబరు 16, రాత్రి 8:12

తప్పకుండా టీచర్ గారూ, ఇప్పుడే పంపుతున్నాను. కొత్తదాంట్లో కింద ఎడమ పక్క ఒక చెయ్యి కనిపిస్తుంది. ఎంత మిగిలిందో తెలియడానికి అతను ముట్టుకోకుండా పక్కన పెట్టాడు. ఆ చెయ్యి మాత్రం కత్తిరించకండి.